మాట్లాడిన లైబ్రేరియన్: ఎస్.ఆర్. రంగనాథన్

ఏటా ఆగస్టు 12న మన విద్యాలయాల్లో గ్రంథపాలకుల దినోత్సవం జరుగుతుంది. ప్రార్థనా సభలో ఎవరో ఒకరు మైకు దగ్గరికి వచ్చి ఎస్.ఆర్. రంగనాథన్ గారి పేరు చెబుతారు. ఆయన భారత గ్రంథాలయ శాస్త్ర పితామహుడని ఒక వాక్యం, ఐదు సూత్రాలు చెప్పారని మరో వాక్యం చదివి వెళ్లిపోతారు. చదివేవాళ్ల కాళ్లు వణుకుతుంటాయి, వినేవాళ్లకు ఎండ తగులుతుంటుంది. ఆ రెండు వాక్యాల వెనక ఉన్న మనిషి గురించి ఈసారి మన తెలుగు పేజీల్లో రాయాలనుకున్నాం. అందుకు ముఖ్య కారణం ఆయన జీవితంలోని ఒక సంగతి. రంగనాథన్ గారికి నత్తి ఉండేది. మాట తడబడే ఆ మనిషే లైబ్రేరియన్ ఉద్యోగాన్ని నలుగురి ముందు నిలబడి మాట్లాడే ఉద్యోగంగా, రోజూ కూర్చుని రాసే ఉద్యోగంగా మార్చేశారు.

ఆయన పూర్తి పేరు షియాళి రామామృత రంగనాథన్. ముందున్న ఎస్ అన్న అక్షరం మనకు ఇంటిపేరులా కనిపిస్తుంది గానీ, అది ఊరి పేరు. తమిళనాడులో తంజావూరు సీమలోని ఆ ఊరిని ఇప్పుడు శీర్కాళి అంటున్నారు. రెండో అక్షరం తండ్రి పేరు. 1892 ఆగస్టు 12న పుట్టినట్టు రికార్డుల్లో ఉంది. తండ్రి రామామృత అయ్యర్ ఓ మోస్తరు భూమి ఉన్న కుటుంబీకుడు. సాయంత్రాలు చిన్న చిన్న సభల్లో రామాయణం చెప్పేవారు. ఆ తండ్రి ముప్పయ్యేళ్లకే పోయారు. అప్పటికి పిల్లవాడికి ఆరేళ్లు. పుస్తకంలో ఉన్నదాన్ని చదువురాని వాళ్లకు కూడా వినిపించడం అనే పని ఆ ఇంట్లో అంతకుముందే ఉందన్నమాట. ఆయన తరవాత చేసిందీ అదే కదా అని మాకు అనిపించింది.

ఊళ్లో హైస్కూలు చదువు అయ్యాక మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరి గణితంలో బి.ఏ., ఎం.ఏ. చేశారు. అక్కడ ఎడ్వర్డ్ రాస్ అనే ప్రొఫెసర్ ఆయనకు గురువు. ఈ పేరు గుర్తుంచుకోండి, కథలో మళ్లీ వస్తుంది. సైదాపేటలో ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేసి 1917లో మంగళూరు ప్రభుత్వ కాలేజీలో పాఠాలు మొదలుపెట్టారు. తరవాత కోయంబత్తూరు, ఆ తరవాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ. అంటే ఆయనా మన నాన్నగార్లలాగే బదిలీల మనిషి! తుళు, కన్నడం వినిపించే ఊరి నుంచి తమిళ ఊరికి వచ్చి, బెంచీల మీద మళ్లీ కొత్త మొహాలు చూసి, మొదటి పాఠం మొదలుపెట్టడం ఎలా ఉంటుందో మనకు ఎవరూ వివరించక్కర్లేదు. అందులోనూ నత్తితో. ఆ లోపం ఉపాధ్యాయుడిగా ఆయనకు అడ్డమే అయింది. అది ఒక్కరోజులో పోలేదు, ఉద్యోగ జీవితంలో మెల్లమెల్లగా తగ్గింది. ఆయన మాత్రం నోరు కట్టుకుని కూర్చోలేదు. మద్రాసు ఉపాధ్యాయుల సంఘంలో గణిత, విజ్ఞాన విభాగానికి కార్యదర్శిగా పనిచేశారు. గణిత చరిత్ర మీద కొన్ని వ్యాసాలు రాసి అచ్చువేయించారు.

ఆ వ్యాసాలే ఆయన దారి మార్చాయి. 1923లో మద్రాసు విశ్వవిద్యాలయం తన గ్రంథాలయానికి మొట్టమొదటి లైబ్రేరియన్ కావాలని ప్రకటించింది. దాదాపు 900 మంది దరఖాస్తు పెట్టారు. వాళ్లలో ఒక్కరికీ గ్రంథాలయ శిక్షణ లేదు, ఎందుకంటే అప్పట్లో మద్రాసులో అలాంటి చదువే లేదు. రంగనాథన్ గారికీ లేదు. ఇంటర్వ్యూకు కొద్దిరోజుల ముందు ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో గ్రంథాలయాల మీద ఉన్న వ్యాసం చదువుకుని వెళ్లారు. ఆయనకున్న తయారీ అంతే. కాకపోతే అచ్చయిన వ్యాసాలున్నాయి కాబట్టి పరిశోధన తెలిసిన మనిషి అని ఎంపిక సంఘం నమ్మింది. 1924 జనవరిలో ఉద్యోగంలో చేరారు.

చేరిన కొద్దిరోజులకే పారిపోవాలనిపించింది. క్లాసు గదిలో ఎదురుగా నలభై యాభై కళ్లు ఉంటాయి. ఇక్కడ ఎదురుగా బీరువాలు. పగలంతా కూర్చున్నా పలకరించేవాళ్లు లేరు, అడిగేవాళ్లు లేరు. ఆ ఒంటరితనం భరించలేక అధికారుల దగ్గరికి వెళ్లి, నా లెక్చరరు పని నాకు తిరిగి ఇప్పించండని బతిమాలుకున్నారు. అప్పుడొక ఒప్పందం కుదిరింది. ముందు లండన్ వెళ్లి గ్రంథాలయాలు ఎలా నడుస్తున్నాయో చదివి రావాలి. వచ్చాక కూడా ఈ పని వద్దనిపిస్తే గణితం లెక్చరరుగా తిరిగి తీసుకుంటారు. అది అప్పటికి అందరినీ సర్దిపుచ్చే ఏర్పాటు మాత్రమే, దాని నుంచి అంత పెద్ద కథ పుడుతుందని ఎవరూ అనుకుని ఉండరు.

లండన్‌లో యూనివర్సిటీ కాలేజీ గ్రంథాలయ పాఠశాలలో చేరారు. అక్కడ క్రోయ్డన్ పట్టణ గ్రంథాలయానికి అధిపతి అయిన బెర్విక్ సేయర్స్ ఆయనకు గురువు. సేయర్స్ గదిలో కూర్చోబెట్టి చెప్పడంతో ఆపలేదు, ఊళ్లలో ఉన్న లైబ్రరీలు చూసి రమ్మన్నారు. రంగనాథన్ గారు వందకు పైగా గ్రంథాలయాలు చూశారు. అక్కడ పిల్లలకు వేరే గది, పని దిగి వచ్చిన కార్మికులకు చదువుకునే చోటు, ఇంటి ఆడవాళ్లు సంచీతో వచ్చి పుస్తకం తీసుకుపోవడం కనిపించాయి. లైబ్రరీ అంటే మాటలు లేని చోటు అనుకున్న మనిషికి అక్కడ ఊరంతా కనిపించింది. లెక్చరరు ఉద్యోగం గొడవ ఆ తరవాత ఆయన మళ్లీ ఎత్తలేదు.

అదే లండన్‌లో సెల్ఫ్రిడ్జెస్ అనే పెద్ద దుకాణంలో మెకానో ఆటబొమ్మ చూశారు. చిల్లులున్న రేకు ముక్కలు, నట్లు, బోల్టులు ఉంటాయి. అవే ముక్కలు ఒకలా బిగిస్తే క్రేను, ఇంకోలా బిగిస్తే బండి. పుస్తకం విషయాన్ని కూడా ఇలా ముక్కలుగా విడదీసి, ముక్కకో గుర్తు ఇచ్చి, మధ్యలో రెండు చుక్కల గుర్తు పెట్టి బిగించవచ్చు కదా అని తట్టింది. ఆ రెండు చుక్కల గుర్తు పేరే కోలన్. అందుకే ఆయన పద్ధతిని కోలన్ వర్గీకరణ అంటారు. 1925లో తిరుగు ప్రయాణంలో ఓడలో ఉన్న చిన్న లైబ్రరీ పుస్తకాల మీదే ఆ పద్ధతిని ప్రయోగించి చూశారట. ఆ పుస్తకం 1933లో వెలువడింది.

మద్రాసు తిరిగి వచ్చాక పని మొదలైంది. పాఠకులే నేరుగా అరల దగ్గరికి వెళ్లి పుస్తకం తీసుకునేలా తలుపులు తెరిచారు. పొద్దు చాలక రాత్రిళ్లు కూడా పనిచేశారు. ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో సెలవు పెట్టలేదనీ, పెళ్లిరోజున కూడా లగ్నం కాగానే లైబ్రరీకి వచ్చేశారనీ చెబుతారు. ఈ మాట విని మా బృందంలో సగం మంది మెచ్చుకున్నారు, మిగతా సగం మంది పెళ్లికూతురు సంగతి ఏమిటని అడిగారు. ఆ పెళ్లికూతురు శారద గారు. ఆమె పేరు చివర్లో మళ్లీ వస్తుంది.

లోపల ఎంత సర్దినా బయటివాళ్లకు తెలియకపోతే లైబ్రరీకి ఎవరు వస్తారు? ఈ ప్రశ్నకు రంగనాథన్ గారు వెతుక్కున్న జవాబు ఉపన్యాసం. 1928లో మద్రాసు గ్రంథాలయ సంఘం ఏర్పడింది, ఆయన దానికి కార్యదర్శి. ఆ ఏడాది ఆయన బుర్రలో ఒక చిక్కు తిరుగుతోంది. లండన్‌లో చూసిన పనులు వందలున్నాయి. అట్టలు వేయడం, కార్డులు రాయడం, అరలు సర్దడం, చందాలు తీసుకోవడం. వీటన్నిటి వెనక గణితంలో ఉన్నట్టు నాలుగైదు మూల సూత్రాలు ఉండాలి కదా, అవేమిటి? ఒక సాయంత్రం పాత గురువు రాస్ గారు వచ్చారు. శిష్యుడి తికమక విని, మొదటి సూత్రాన్ని చాలా చిన్న మాటలో అలవోకగా అనేసి వెళ్లిపోయారు. పుస్తకం ఉన్నది వాడకానికే అన్నది దాని సారం. ఆ తాళం తీశాక మిగతా నాలుగూ వాటంతట అవే వరసగా వచ్చాయని రంగనాథన్ గారు తరవాత రాసుకున్నారు.

ఆ సూత్రాలు మొదట అచ్చులోకి రాలేదు, సభలోకి వచ్చాయి. 1928 డిసెంబరులో చిదంబరం దగ్గర అణ్ణామలై నగర్‌లోని మీనాక్షి కాలేజీలో విద్యా మహాసభ జరిగినప్పుడు, ఉపాధ్యాయుల ముందు నిలబడి ఆయన వాటిని తొలిసారి వినిపించారు. శీర్కాళికి చిదంబరం ఎంతో దూరం కాదు. తండ్రి రామాయణం చెప్పిన సీమలోనే కొడుకు గ్రంథాలయం గురించి చెప్పారు. విన్నవాళ్ల నుంచి ప్రశ్నలు వచ్చాయి, మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది. 1929 వేసవిలో మద్రాసులో గ్రంథాలయ శిక్షణ తరగతులు మొదలుపెట్టి అక్కడా చెప్పారు. ఇలా చెప్పగా చెప్పగా గట్టిపడినదాన్ని రాసి 1931లో ఐదు సూత్రాల పుస్తకంగా తెచ్చారు. గ్రంథాలయ సంఘమే అచ్చువేసింది. బెర్విక్ సేయర్స్ దానికి పరిచయం రాశారు.

ఆ సూత్రాలు చాలా మామూలుగా కనిపిస్తాయి. పుస్తకాలు దాచడానికి కాదు, వాడడానికి. చదవగోరే ప్రతి మనిషికీ అతనికి సరిపడే పుస్తకం దొరకాలి. ప్రతి పుస్తకానికీ తనను చదివే మనిషి దొరకాలి. వచ్చినవాడి సమయం వృథా చేయకూడదు. ఇక అయిదోది, గ్రంథాలయం పెరిగే ప్రాణి లాంటిది, దాన్ని ఒక గదిలో బిగించి పెట్టలేం. మేము చదివిన ఒక బడిలో, ఊరు చెప్పం, కొత్త పుస్తకాలు పాడవుతాయని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లు. తనిఖీ రోజున మాత్రం తీసేవాళ్లు. మొదటి సూత్రం అంత మామూలుగా ఎందుకు కనిపించదో అక్కడ చదివినవాళ్లకు తెలుసు.

ఆ పుస్తకం రాసిన తీరు మాకు నచ్చింది. శాస్త్ర గ్రంథం కదా అని బిగుసుకుని రాయలేదు. అందులో సూత్రాలే పాత్రలై మాట్లాడతాయి, ఎదుటివాళ్లతో వాదిస్తాయి. చిన్న చిన్న కథలు వస్తాయి. సభలో కునుకుతున్నవాడిని లేపడానికి ఉపన్యాసకుడు చేసే పనులన్నీ అందులో ఉన్నాయి. ముందు చెప్పి తరవాత రాయడం వల్ల వచ్చిన మేలు అది. ఆ తరవాతి పుస్తకాల్లో కొన్ని మాత్రం ప్రతి పేరాకూ అంకె వేసి, లెక్కల పుస్తకంలా నడుస్తాయి. అవి మన వయసుకు మింగుడు పడేవి కావు.

ఇంకో ఉపన్యాసం కథ ఇంకా దూరం వెళ్లింది, మన ఊళ్ల దాకా వచ్చింది. 1930 డిసెంబరులో కాశీలో ఆసియా ఖండమంతటి విద్యావేత్తల సభ జరిగింది. అక్కడ రంగనాథన్ గారు ఒక నమూనా గ్రంథాలయ చట్టాన్ని చదివి వినిపించారు. ఊరూరా గ్రంథాలయం దాతల దయ మీద నడవకూడదు, ప్రభుత్వ బాధ్యత కావాలి, అందుకు చట్టం ఉండాలి అన్నది దాని సంగతి. వెంటనే ఏమీ జరగలేదు. 1930లలో మద్రాసు శాసనసభ దాకా ఒకసారి వెళ్లి ఆగిపోయింది. ఆయన మాత్రం కనబడిన మంత్రికల్లా, జరిగిన సభలోకల్లా ఆ కాగితం పట్టుకెళ్లి చెబుతూనే ఉన్నారు. చివరికి అవినాశిలింగం చెట్టియార్ విద్యామంత్రిగా ఉండగా 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. స్వతంత్ర భారతదేశంలో అలాంటి మొదటి చట్టం అదే. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలు చేసి జిల్లాలో లైబ్రరీలు నడపాలని అందులో ఉంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పటికి మద్రాసు రాష్ట్రంలోనివే కాబట్టి ఆ చట్టం మన తెలుగువాళ్లకూ వర్తించింది. 1960లో ఆంధ్రప్రదేశ్‌కు సొంత గ్రంథాలయ చట్టం వచ్చేదాకా అక్కడ అదే నడిచింది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే తాతయ్యలు ఊరుకోరు. తెలుగునాట గ్రంథాలయోద్యమం రంగనాథన్ గారి కంటే ముందే మొదలైంది. 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకట రమణయ్య గారు దానికి ప్రాణం. ఆయన నడిపిన గ్రంథాలయ సర్వస్వం పత్రిక ఊరి లైబ్రరీ నడిపేవాళ్లు రాసుకోవడానికి, చదువుకోవడానికి ఒక చోటు ఇచ్చింది. మన్నార్‌గుడి ప్రాంతంలో 1931లో ఎద్దుల బండి మీద గ్రంథాలయం తిరిగితే, మన కృష్ణా డెల్టాలో కాలువల మీద పడవ గ్రంథాలయం తిరిగింది. అయ్యంకి వారు ఉద్యమం నుంచి వచ్చినవారు, రంగనాథన్ గారు లెక్కల నుంచి వచ్చినవారు. ఇద్దరూ ఊళ్లు తిరిగి మాట్లాడినవాళ్లే.

1945లో మద్రాసు ఉద్యోగం వదిలారు. అప్పటికి ఆయన వయసు యాభై దాటింది. ఇక ఇంట్లో కూర్చుని రాసుకుందామనుకున్నారు. కానీ బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం నుంచి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు రమ్మని పిలిచారు. అక్కడ రెండేళ్లలో దాదాపు లక్ష పుస్తకాలకు తానే వర్గీకరణ సంఖ్యలు వేశారని చెబుతారు. తరవాత ఢిల్లీ విశ్వవిద్యాలయం, స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్, అక్కడి నుంచి ఉజ్జయిని, చివరికి బెంగళూరు. బదిలీ ఆర్డరు లేకుండానే ఇన్ని ఊళ్లు!

ఈ సంవత్సరాల్లో ఆయన చేసిన ఒక పనికి తగినంత పేరు రాలేదని మా అభిప్రాయం. తాను మాట్లాడడం, రాయడం ఒక ఎత్తు. మిగతా లైబ్రేరియన్లు మాట్లాడడానికి వేదిక, రాయడానికి పత్రిక ఏర్పాటు చేయడం ఇంకో ఎత్తు. 1949లో భారత గ్రంథాలయ సంఘం అధ్యక్షుడిగా అబ్‌గిలా అనే పత్రిక తెచ్చారు. పేరు వింతగా ఉంది కదా! అందులో ఉన్న మూడు భాగాల పేర్లనూ సంఘం పేరునూ కలిపి మొదటి అక్షరాలతో అల్లిన పేరు అది. మూడో భాగం హిందీలో ఉండేది, దాని పేరు గ్రంథాలయ. 1962లో ప్రశాంత చంద్ర మహలనోబిస్ గారి భారత గణాంక సంస్థ ఆసరాతో బెంగళూరులో డాక్యుమెంటేషన్ పరిశోధన, శిక్షణ కేంద్రం పెట్టారు. అక్కడ ఏటా ఒక సదస్సు జరిగేది. దేశం నలుమూలల నుంచి లైబ్రేరియన్లు తాము రాసిన పత్రాలు పట్టుకుని వచ్చి అందరి ముందు నిలబడి చర్చించాలి. 1964లో ఆ కేంద్రం నుంచి కూడా ఒక పత్రిక మొదలైంది. కార్డులు రాసుకుంటూ ఉండిపోయే మనిషికి తన పేరుతో ఒక వ్యాసం అచ్చులో చూసుకునే అవకాశం వచ్చింది. వ్యాసాలు రాసినందువల్లే ఆయనకు తొలి లైబ్రేరియన్ ఉద్యోగం దొరికిందన్న సంగతి ఆయన మరిచిపోలేదేమో.

స్వయంగా యాభైకి పైగా పుస్తకాలు రాశారు. అందులో గ్రంథాలయ శాస్త్రం కానిది ఒకటి మనవాళ్లు తప్పక వెతకాలి. అది గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ జీవితం, 1967లో వచ్చింది. తన కథను కూడా ఒక పత్రికలో ధారావాహికగా రాశారు. అది పుస్తకంగా రావడానికి 1992 దాకా, అంటే ఆయన శతజయంతి దాకా ఆగాల్సి వచ్చింది.

పేరు ప్రతిష్ఠల సంగతి త్వరగా చెప్పేస్తాం. 1957లో పద్మశ్రీ, 1965లో జాతీయ పరిశోధక ఆచార్య పదవి. విదేశాల్లో వర్గీకరణ మీద పనిచేసేవాళ్లు ఆయన్ని పెద్దదిక్కుగా చూశారు. 1957లో ఇంగ్లండ్‌లోని డార్కింగ్‌లో జరిగిన వర్గీకరణ సదస్సులో ఆయనా ఉన్నారు.

మరి ఆయన కోలన్ వర్గీకరణ ఏమైంది? నిజం చెప్పాలంటే అది ఎక్కువ లైబ్రరీల్లోకి వెళ్లలేదు. మన బడుల్లో చాలాచోట్ల కనిపించేది అమెరికా నుంచి వచ్చిన డ్యూయీ దశాంశ పద్ధతే. అందులో తెలుగు సాహిత్యం 894.827 అన్న సంఖ్య కింద వస్తుంది. ఈసారి నాన్నగారికి ఏ ఊరు బదిలీ అయినా, కొత్త బడి లైబ్రరీలో ఆ సంఖ్య దగ్గర వెతికి చూడండి. ఆయన కోలన్ సంఖ్యలు పొడుగు, నేర్చుకోవడం కష్టం. విషయాన్ని ముక్కలుగా విడదీసి చూడాలన్న ఆలోచనను మాత్రం ప్రపంచమంతా తీసుకుంది. అణ్ణామలై నగర్ సభలో చెప్పిన ఐదు సూత్రాలనైతే ఇవాళ ఏ దేశంలో గ్రంథాలయ శాస్త్రం చదివినా మొదటి పాఠాల్లోనే నేర్పుతున్నారు. రెండు చుక్కల కంటే సభలో పలికిన మాట ఎక్కువ దూరం వెళ్లింది.

చివరిదాకా ఆయన జీవితం పొదుపుగానే సాగింది. దాచుకున్న డబ్బులో లక్ష రూపాయలు 1956లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చి గ్రంథాలయ శాస్త్రంలో ఒక ఆచార్య పీఠం పెట్టమన్నారు. అది ఆనాటి లక్ష! దానికి తన పేరు ఒక్కటే పెట్టుకోలేదు, శారదా రంగనాథన్ పీఠం అని భార్య పేరు ముందు పెట్టారు. బెంగళూరులో అదే పేరుతో ఒక నిధిని కూడా ఏర్పాటు చేశారు. గ్రంథాలయ శాస్త్రంలో పేరున్నవారిని పిలిచి ఉపన్యాసాలు ఇప్పించడం, వాటిని పుస్తకాలుగా అచ్చువేయడం ఆ నిధి పనుల్లో ఒకటి. రంగనాథన్ గారు 1972 సెప్టెంబరు 27న బెంగళూరులో కన్నుమూశారు. ఆ తరవాత కూడా ఆ నిధి పిలిచినవారు వచ్చి మాట్లాడారు, వాళ్లు మాట్లాడింది పుస్తకాలై లైబ్రరీల అరల్లోకి చేరింది.